నలభై తొమ్మిదో అచ్చు

ఫిబ్రవరి పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా తమ్ముడి మనవరాలు నిత్య నా చేతిలోని గుడ్డమూట తీసుకుని, ముడి విప్పి, లోపలున్న చెక్క అచ్చును ఒక పెద్ద బల్ల మీద పెట్టింది. గోడ గడియారం నా వాచీ కంటే రెండు నిమిషాలు ముందు నడుస్తోంది. నేను చెప్పింది వాచీ టైము.

నిత్య ఇక్కడే మద్రాసులో ఒక కాలేజీలో బొమ్మలు వేయడం చదువుతోంది. ఆ వారం వాళ్ళ కాలేజీకి బరోడా నుంచి మీనల్ అనే చిత్రకారిణి వచ్చింది. చెక్క మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, కాగితం మీద అచ్చు తీసే పనిని ఐదు రోజుల పాటు పిల్లలకు నేర్పడానికి వచ్చింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పిల్లలు చేసినవన్నీ గోడలకు తగిలించి అందరికీ చూపిస్తారట. మీ ఇళ్ళలో పాత చెక్క అచ్చులు ఏమైనా ఉంటే తెమ్మని మొదటి రోజే ఆమె అడిగింది. నిత్య ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది, తమిళం కలిసిన తన తెలుగులో.

"అవ్వా, నీ బీరువాలో ఒక కట్టె ఉండాది కదా, డిజైన్ కట్టె, అది రేపు తీసుకొని వస్తావా? మేడమ్ చూడాలంట."

"అది కట్టె కాదే, అచ్చు."

"సరి సరి, అచ్చు దా. నువ్వే తీసుకొని రా అవ్వా, ప్లీస్. నా చేత్తో తెస్తే పడేస్తానని నువ్వే అంటావు."

ఆ మాట నిజమే. పెరంబూరులో తొమ్మిది పన్నెండు లోకల్ ఎక్కి, సెంట్రల్‌లో దిగి, ఆటోలో వెళ్ళాను. అచ్చు బరువు కిలో నూట ఎనభై గ్రాములు. దారి పొడుగునా ఒడిలోనే పెట్టుకున్నాను.

మీనల్‌కు యాభై ఏళ్ళుంటాయి. గోళ్ళ కింద నల్లటి సిరా. అచ్చును రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ఎన్నాళ్ళదని ఇంగ్లీషులో అడిగింది. మా తాత తండ్రి చేయించాడని, నూరేళ్ళు దాటిందని, అంతకంటే సరిగ్గా చెప్పలేనని అన్నాను. సరిగ్గా చెప్పలేనని నేను అనడం అరుదు. పిడి మీద తెల్లరంగుతో 49 అని ఉండటం చూసి, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే నిత్య జవాబు చెప్పేసింది.

"చాలా ఉండేవి మేడమ్. మా ముత్తాత చెల్లెలు ఒకామె, చదువు లేదు, ఏమీ తెలియదు. వానల్లో కట్టెలు దొరకలేదని వీటిని పొయ్యిలో పెట్టేసింది. మా ఇంట్లో ఇప్పటికీ ఆమె పేరు 'అచ్చులు కాల్చిన అత్త' అనే."

పిల్లలంతా నవ్వారు. "అయ్యయ్యో, సాంబారు కోసమా?" అంది ఒక అమ్మాయి. "ఉలగంలోనే కాస్ట్లీ సాంబారు దా అది!" అన్నాడు వెనక నుంచి ఒకతను. ఉలగం అంటే లోకం. మీనల్ కూడా నవ్వి, ఇది బాగుంది, శుక్రవారం అచ్చు పక్కన పెట్టే కార్డు మీద ఈ కథ రాయి అని నిత్యకు చెప్పింది. నాకు ఒక స్టూలు వేశారు. కూర్చున్నాను. సాంబారు కోసం కాదని కూడా అనలేదు.

ఆ గదిలో సిరా వాసన, అవిసె నూనె వాసన. అవి మా ఇంటి వాసనలు కావు. చిన్నప్పుడు మాది చింతాద్రిపేటలో ముందు వీధికి తొమ్మిది అడుగులు, వెనక్కి డెబ్బై అడుగులు ఉన్న పొడుగాటి ఇల్లు. చివర, బట్టల మీద అచ్చులు అద్దే రేకుల షెడ్డు. వీధి గుమ్మంలో అడుగు పెట్టగానే మొదట వచ్చేది కసిం వాసన. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాలు పులియబెడితే వచ్చే నల్లనీళ్ళను కసిం అంటాం, బట్ట మీద నలుపుకు అదే. దాన్ని దాటితే కరక్కాయ వగరు, దాని వెనక గేదెపాల పులుపు. రంగు పాకకుండా ఉండటానికి బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఎండబెట్టేవారు. ఎండాకాలం ఆ బట్టల మీద ముసిరే ఈగలను తోలడం నా పని. స్కూల్లో నా పక్కన కూర్చోవడానికి పిల్లలు ఇష్టపడేవారు కాదు. నా జడలో పాలు విరిగిన వాసన వస్తుందనేవారు. నాకు మాత్రం ఆ వాసన ఎప్పుడూ తెలియలేదు.

మా నాయన మాటలు తక్కువ మనిషి. బట్టను చెంపకు ఆనించుకుని చూడకుండా పని మొదలుపెట్టేవాడు కాదు. తడి ఎక్కడ మిగిలిందో చెంపకే తెలుస్తుందట. పనికి పిలవడానికి పేర్లు వాడడు, దగ్గుతాడు. ఒక దగ్గుకు రంగు పళ్ళెం, రెండు దగ్గులకు రుక్కమ్మత్త. రుక్కమ్మత్త నాయన చెల్లెలు. పంతొమ్మిదో ఏట భర్త పోయి మా ఇంటికి తిరిగి వచ్చింది. వాకిట్లో ముగ్గు పెట్టి, రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని తాగి, ఆరు గంటలకల్లా బల్ల ముందు నిలబడేది. గోనెపట్టాలూ కంబళ్ళూ పరిచిన ఆ బల్ల పద్నాలుగు అడుగుల పొడుగు. అచ్చును రంగులో ముంచి, బట్ట మీద ఆనించి, పిడికిలి అంచుతో వెనక రెండు దెబ్బలు వేస్తుంది. మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా. ఆ రెండు దెబ్బల చప్పుడు విని నేను లెక్కలు చేసుకునేదాన్ని. ఆమె కుడిచేతి అంచు మడమలాగా గట్టిపడి ఉండేది. ముందు గీత అచ్చు, దాని లోపల రంగు నింపే అచ్చు ఆమె వేసినప్పుడు మధ్యలో వెంట్రుక సందు కూడా ఉండదు. నాయనకు ఉండేది. ఆ సంగతి నాయనకూ తెలుసు, అందుకే అంచుల పని అంతా ఆమెకే వదిలేసేవాడు. కసిం పాకానికి వచ్చిందో లేదో ఆమె నాలుక మీద చుక్క వేసుకుని చెప్పేది. "ఇంకా పచ్చిగా ఉండాది, నాలుగు దినాలు పోనీ అన్నా" అని పెరట్లోకి ఉమ్మేది. ఆమె పళ్ళు నల్లగా ఉండటానికి అదే కారణమని నా నమ్మకం. ఆమె మాత్రం వక్కలు నమలడం వల్లనని చెప్పేది.

మా ఇంట్లో పని చెప్పరు, చూసి నేర్చుకోవాలి. ఇది ఎందుకు అని అడిగితే "చూస్తా ఉండు, తెలుస్తాది" అనడమే. నేను చూస్తూ ఊరుకునే పిల్లను కాను. నాకు పదేళ్ళప్పుడు షెడ్డులోని అచ్చులన్నీ లెక్కపెట్టాను. యాభై మూడు ఉన్నాయి. నాయన డబ్బా మూతకు అంటిన తెల్లరంగు తీసుకుని, అగ్గిపుల్లతో ఒక్కో పిడి మీద ఒక్కో నంబరు వేశాను. గోడకు కొట్టిన రెండు చెక్క పలకల్లో, కింది పలక మీద ఒకటి నుంచి నలభై రెండు. పై పలక మీద నలభై మూడు నుంచి యాభై మూడు. ఒక నోటుబుక్కులో ప్రతి నంబరుకూ ఒక గడి గీసి, ఏ రోజు ఏ అచ్చు బల్ల మీదికి వెళితే ఆ గడిలో ఒక గీత పెట్టేదాన్ని. నాయన ఒకరోజు దాన్ని తిరగేసి చూసి, రెండు సార్లు దగ్గి, నా తల మీద చెయ్యి వేశాడు. ఆ తరువాత ఏ అచ్చు ఎంత అరిగిందో నన్నే అడిగేవాడు.

అవ్వకు, అంటే నాయన తల్లికి, ఇది గిట్టేది కాదు. "ఆడబిడ్డకు లెక్కలెందుకురా? ఐదు చదివింది చాలు, బల్లకాడ నిలబెట్టు" అని నెలకొకసారి అనేది. "చదవనీ అమ్మా, అచ్చుల లెక్క అదే గదా చూస్తా ఉండాది" అనేవాడు నాయన. నా చదువుకు మా ఇంట్లో ఆ నోటుబుక్కే ఆధారం. అది నాకు బాగా తెలుసు.

నాకు పన్నెండేళ్ళు. కార్తీకంలో వానలు తొమ్మిది రోజులు విడవకుండా కురిశాయి. పదో రోజు గురువారం. మధ్యాహ్నం మూడింటికి షెడ్డులో రాగి కాగు పొయ్యి మీద ఉంది, అందులో నలభై దుప్పట్లు ఎర్రరంగులో ఉడుకుతున్నాయి. మా తాత రోజుల్లో ఆ ఎరుపుకు చిరివేరు వేసేవారు, నాయన రోజులకు డబ్బాలో పొడి వచ్చింది. ఏది వేసినా పద్ధతి ఒకటే, బట్ట కాగులో ఉన్నంతసేపు మంట తగ్గకూడదు. తగ్గితే ఎరుపు ఒకచోట పట్టి ఒకచోట పట్టదు, ఇక దాన్ని బాగుచేయడం కుదరదు. మా సవుకు కట్టెలు, అంటే సరుగుడు కట్టెలు, అన్నీ తడిసిపోయాయి. ఎండు కట్టెల కోసం నాయన వాషర్‌మన్‌పేటకు వెళ్ళాడు. అవ్వకు జ్వరం, అమ్మ ముందు గదిలో ఆమె దగ్గర ఉంది. నాగరాజుకు, అంటే మా తమ్ముడికి, ఐదేళ్ళు. వాడు అమ్మ కొంగు వదలడు. షెడ్డులో రుక్కమ్మత్త, నేను.

పొగకు ఆమె కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. కర్రతో కాగు కలుపుతూనే అరిచింది.

"సరోజా! మంట పోతా ఉండాదే! ఆడ అరిగిపోయిన పాత అచ్చులుంటాయి, రెండు మూడు తే. బిరీన!"

అరిగిపోయినవి ఏవో నాకు తెలుసు. నాలుగు, పదకొండు, పదిహేడు, ముప్పై. కానీ వాటి గడుల్లో వందల గీతలు ఉన్నాయి. అన్ని గీతలున్న వాటిని ఎలా కాలుస్తాం? నోటుబుక్కు కళ్ళ ముందు కనిపించింది. పై పలక మీది పదకొండింటి గడులూ ఖాళీ. రెండేళ్ళలో ఒక్క గీత లేదు. ఆయుధపూజకు బొట్టు పెట్టించుకోవడం తప్ప అవి ఏ పనీ చెయ్యలేదు. పనికిరానివి అవే అని తేల్చుకోవడానికి నాకు నిమిషం కూడా పట్టలేదు. పీట వేసుకుని ఎక్కి, మొదట ఆరు దించి పొయ్యిలో పెట్టాను. ఎండిన టేకు. మంట ఒక్కసారిగా లేచింది. "అబ్బ! బంగారు తల్లివే!" అంది అత్త. రెండోసారి మిగతా ఐదూ పావడా ఒడిలో వేసుకొచ్చి నాలుగు పెట్టాను. ఐదోది మూల పువ్వు అచ్చు. వెడల్పు. పొయ్యి నోట్లో పట్టలేదు. అత్త కర్ర వదిలి, కళ్ళు మూసుకునే, నా చేతిలోంచి దాన్ని తీసుకుంది.

బొటనవేలు చెక్కడం మీద పడగానే ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు, నంబర్లు తెలియవు. వేలితోనే ప్రతి అచ్చునూ పోల్చుకునేది.

"ఏమే ఇది? ఏడ తీసినావు?"

"పై పలక మీద. అవి ఎవురూ వాడరు గదా అత్తా. పుస్తకంలో ఒక్క గీత కూడా లేదు."

ఆమె కళ్ళు తెరిచింది. పొయ్యిలోకి చూసింది, పలక వైపు చూసింది. మెల్లగా చెప్పింది, అరవలేదు. అవి తల్లి అచ్చులట. వాటిని బట్ట మీద అద్దరు, రంగు తగలనివ్వరు. కింది పలక మీద ఒకటి అరిగిపోతే, దాని తల్లిని చెక్కేవాడి దగ్గరికి తీసుకెళ్ళి, దానికి మసి రాసి కొత్త చెక్క మీద ఒత్తించి, ఆ గీతల వెంట కొత్తది చెక్కిస్తారు. కింద ఉన్న నలభై రెండూ ఈ పదకొండింటికి పుట్టినవే. గడులు ఖాళీగా ఉండటానికి కారణం అది. రెండేళ్ళు నేను ఆ ఖాళీ గడులను చూశాను, ఎందుకు ఖాళీ అని ఎవరినీ అడగలేదు. అడిగినా చెప్పేవారో లేదో. అది వేరే సంగతి.

పొయ్యిలోంచి తీయడానికి ఏమీ మిగల్లేదు. అత్త ఆ ఒక్క అచ్చును పీట కింద పెట్టింది. తరువాత చేసిన పని నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఖాళీ అయిన పై పలకను పెరికి, కాలితో తొక్కి విరిచి, అది కూడా పొయ్యిలో పెట్టింది. కాగు మళ్ళీ కలపడం మొదలుపెట్టింది.

నాయన ఐదింటికి వచ్చాడు, తడిసిన బండిలో సగం ఎండిన కట్టెలతో. దుప్పట్లు అప్పటికే దించాం. ఎరుపు ఎక్కడా తేడా లేకుండా పట్టింది. మా ఇంట్లో అంత మంచి ఎరుపు నేను మళ్ళీ చూడలేదు. నాయన గోడ వైపు చూశాడు.

"పలకేది?"

"మంట పోయింది అన్నా. పలక తీసినాను."

"దాని మీదవి?"

"అవీ నేనే వేసినాను. పొగలో ఏది ఏదో కనపడలా. ఒకటి మిగిలింది." పీట కింద నుంచి తీసి ఇచ్చింది.

నేను అక్కడే ఉన్నాను. అత్త నా వైపు చూడలేదు. పలక పెరకడం పన్నెండేళ్ళ పిల్ల వల్ల అయ్యే పని కాదు, అందుకే దాన్ని విరిచిందని పెద్దయ్యాక తెలిసింది. నాయన అచ్చును తీసుకుని లోపలికి వెళ్ళి, స్నానం చేసి అన్నం తిన్నాడు. గిన్నెలు తోమే చోట అత్త నా చెవి దగ్గరికి వంగింది. "నోరెత్తితే పళ్ళు రాలగొడతా. ఆ పుస్తకం వల్ల పోయినాయని తెలిస్తే, రేపే మీ అవ్వ నిన్ను బడి మాన్పిస్తాది. నాకేముండాది పోయేదానికి? మూసుకొని చదువుకో పో."

పోయేది ఏమిటో మర్నాడు తెలిసింది. నాయన ఒక్కసారి దగ్గాడు. రెండోసారి దగ్గలేదు. అత్త ముగ్గు పెట్టి, మజ్జిగ తాగి, షెడ్డు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. నాయన తానే అంచుల పని మొదలుపెట్టాడు. ఆమె కాసేపు చూసి వంటింట్లోకి వెళ్ళింది. అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. అప్పుడు ఆమె వయసు ముప్పై నాలుగు. అరవై ఆరో ఏట పోయేదాకా ఆమె మళ్ళీ అచ్చు పట్టుకోలేదు. అప్పడాల పిండి చేసేటప్పుడు మాత్రం ముద్ద మీద పిడికిలి అంచుతో రెండు దెబ్బలు వేసేది, మొదటిది గట్టిగా, రెండోది మెల్లగా.

కింది పలక మీద ఉన్నవి ఒక్కొక్కటే అరిగిపోయాయి. బట్ట మీద పడిన పువ్వును చూసి చెక్కమంటే చెక్కేవాడు చెక్కాడు, కానీ గీత లావెక్కింది. తొమ్మిదేళ్ళకు షెడ్డు మూశాం. అప్పటికి స్క్రీన్ ప్రింటింగ్ వచ్చేసింది, ఎలాగూ మూతపడేదే అని మా వాళ్ళు అంటారు. అయి ఉండవచ్చు. జరగని దానికి లెక్క కట్టడం నాకు రాదు. ఆ తొమ్మిదేళ్ళూ నేను నోటుబుక్కులో గీతలు పెడుతూనే ఉన్నాను, చదువుకుంటూనే ఉన్నాను. ఆ లెక్కల వల్లే పెరంబూరు రైల్వే వర్క్‌షాపు స్టోర్స్‌లో ఉద్యోగం వచ్చింది. ముప్పై ఆరేళ్ళు చేశాను. ఒక సరుకు చాలాకాలం కదలకపోతే దాన్ని తీసిపారేయమని రాసే ముందు, అది ఎందుకు కదల్లేదో పక్కన రాయమని కింది వాళ్ళను సతాయించేదాన్ని. పిచ్చి అనుకునేవారు.

పెళ్ళయి పెరంబూరు క్వార్టర్స్‌కు వచ్చాక ప్రతి ఆదివారం చింతాద్రిపేటకు వెళ్ళేదాన్ని. ఒకసారి, నాగరాజు పెళ్ళిమాటల రోజుల్లో, వాడు అందరి ముందు "మా అత్తను పొయ్యి దగ్గరికి పంపకండి, ఇల్లు కాల్చేస్తాది" అని నవ్వాడు. వచ్చినవాళ్ళు నవ్వారు, అత్త కూడా నవ్వింది. నేను పెరట్లో ఆమెను పట్టుకుని ఈరోజు చెప్పేస్తాను అన్నాను. "ఇప్పుడెందుకే? మీ నాయన పెద్దోడైపోయినాడు. రెండోసారి మనసు విరగ్గొట్టాలనా?" అంది. అందులో న్యాయం ఉంది. నాయన పోయాక ఆ న్యాయమూ లేదు. ఆమె ఆ తరువాత తొమ్మిదేళ్ళు బతికింది. మళ్ళీ చెబుతానని నేను అనలేదు, చెప్పమని ఆమె అడగలేదు.

గురువారం మళ్ళీ కాలేజీకి వెళ్ళాను. నన్ను ఎవరూ పిలవలేదు. కార్డు మీద ఏం రాశారో చూడాలనిపించింది. నేను వెళ్ళేసరికి మీనల్ తాను చెక్కిన బొమ్మకు అచ్చులు తీయడం ముగించింది. మొత్తం పన్నెండు కాగితాలు. ఒక్కోదాని కింద పెన్సిల్‌తో పన్నెండులో ఇది ఎన్నోదో రాసింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. తరువాత ఒక ఉలి తీసుకుని, అంత కష్టపడి చెక్కిన ఆ చెక్క మీద ఈ మూల నుంచి ఆ మూలకు లోతుగా రెండు గీతలు గీసేసింది. నేను స్టూలు మీద నుంచి లేచిపోయాను.

"అవ్వా, ఒన్నుమిల్లె, ఏమీ లేదు, కూర్చో" అంది నిత్య. "అది పద్ధతి. పన్నెండే వేస్తానని మాట ఇచ్చింది కదా. ఇంక ఎవరూ వెయ్యకుండా అట్లా కొట్టేస్తారు."

మీనల్ నా దగ్గరికి వచ్చి, భయపెట్టినందుకు క్షమించమంది. మీరు తెలిసి చేశారు, అందులో తప్పు లేదు అన్నాను. ఆమెకు ఆ జవాబు అర్థం కాలేదు. మీ అచ్చును కాగితం మీద ఒక్కసారి తీసి చూడవచ్చా అని అడిగింది. దాని మీద రంగు పడకూడదు, మసి అయితే రాయవచ్చు అన్నాను. దీపపు మసి కొంచెం నూనెలో కలిపి, వేలితో పల్చగా రాసి, తడి కాగితం వేసి, చెంచా వెనకభాగంతో రుద్దింది. కాగితం ఎత్తింది. మూల పువ్వు. పదహారు రేకులు, ఒక్కో రేకులో ఏడు గీతలు. అంత సన్నటి గీతలు మా ఇంటి బట్ట మీద ఎప్పుడూ పడలేదు. డెబ్బై ఐదేళ్ళ వయసులో ఆ పువ్వును మొదటిసారి చూశాను.

మీనల్ భూతద్దం పెట్టి అచ్చు అంచులు చూసింది. "దీన్ని ఎప్పుడూ వాడలేదు" అంది. "అంచు ఎక్కడా అరగలేదు. పిడి మీద నంబరు ఎవరు వేశారు?"

"నేను."

"మిగతా వాటికీ వేశారా?"

"యాభై మూడింటికీ. ఏది ఎన్నిసార్లు వాడారో పుస్తకం కూడా రాశాను."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నిత్య తన కార్డు తెచ్చి, ఇంగ్లీషులో రాసినదాన్ని నాకు తెలుగులో చదివి వినిపించింది. "ఈ కుటుంబం అచ్చులను, వాటి విలువ తెలియని ఒక చదువురాని స్త్రీ పొయ్యిలో వేసి కాల్చేసింది. మిగిలింది ఇదొక్కటే." నా ముఖం చూసి, "బాగా లేదా అవ్వా? మేడమ్ ఓకే చెప్పింది" అంది.

"ఆమె పేరు రాయలేదే?"

"పేరు... అచ్చులు కాల్చిన అత్త అనే కదా అంటారు. అసలు పేరు ఏమి?"

మా ఇంట్లో పుట్టిన పిల్లకు ఆమె పేరు తెలియదు. మంగళవారం నవ్వినప్పుడు రాని కోపం నాకు అప్పుడు వచ్చింది. దానికి తగిన మనిషి ఆ గదిలో నేనొక్కదాన్నే.

"రుక్కమ్మ" అన్నాను. "దాన్ని చించెయ్యి. వేరే కాగితం తీసుకో. నేను చెప్తాను, రాయి."

పైన రాసిందంతా చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది. చెబుతుంటే నిత్య మొదట రాసింది, తరువాత రాయడం ఆపేసింది. చివరికి "నీవా అవ్వా?" అంది. "ఆమా, నేనే" అన్నాను. మా ఇంట్లో పిల్లలు ఎక్కువగా తమిళంలోనే మాట్లాడతారు. జవాబులు వాళ్ళ భాషలో చెబితే మళ్ళీ అడగరు.

శుక్రవారం నాలుగింటికి నాగరాజు వచ్చాడు. వాడికి ఇప్పుడు అరవై ఎనిమిది. మోకాళ్ళ నొప్పి, చేతికర్ర. అచ్చు అద్దాల పెట్టెలో ఉంది, పక్కన మసితో తీసిన పువ్వు కాగితం, దాని పక్కన ఆ ఉదయం నేను తెచ్చిచ్చిన నా నోటుబుక్కు, నలభై మూడు నుంచి యాభై మూడు దాకా ఖాళీ గడులున్న పేజీ తెరిచి. కింద కార్డు. తెలుగులోనూ రాయమని నేనే చెప్పాను. "తల్లి అచ్చు, నంబరు 49. రుక్కమ్మ వేలితో గుర్తుపట్టడం వల్ల మిగిలింది. తక్కిన పదింటిని పొయ్యిలో పెట్టింది ఆమె మేనకోడలు సరోజ, తన లెక్క సరైనదే అనుకుని." నాగరాజు కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"అరవై మూడేళ్ళా అక్కా?"

"అరవై మూడేళ్ళ మూడు నెలలు."

"ఆమె ముందర నేను ఎన్నిసార్లు అన్నానో ఆ మాట. నవ్వేది." కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. "నువ్వు పక్కనే ఉండేదానివి."

"ఉన్నాను."

వాడు బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. నిత్య వెళ్ళి తాత పక్కన కూర్చుంది. నేను లోపలే ఉన్నాను. చదివేవాళ్ళు చదువుతున్నారు. మంగళవారం సాంబారు అన్న అమ్మాయి నా దగ్గరికి వచ్చి, కూర్చోవడానికి ఒక స్టూలు వేసి వెళ్ళింది. మంచి పిల్ల.

నోటుబుక్కును ఇంటికి తెచ్చుకున్నాక, ఆఖరి పేజీ ఖాళీగా ఉంటే అందులో రాశాను. అచ్చులు యాభై మూడు. పనిలో అరిగిపోయినవి నలభై రెండు. పొయ్యిలో పోయినవి పది. ఉన్నది ఒకటి. పలక ఒకటి, టేకుది, ఆరడుగులది. రుక్కమ్మత్త బల్ల దగ్గర నిలబడని ఏళ్ళు ముప్పై రెండు. నేను చింతాద్రిపేటకు వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా తిరిగి వచ్చిన ఆదివారాలు, వెళ్ళని వారాలు తీసేయగా, వెయ్యీ తొంభై. అందులో నాయన పోయిన తరువాతవి నాలుగు వందల యాభై ఒకటి.